పాత బంగళా వెనుక తలుపు

హార్స్‌లీ కొండకు ఆ పేరు ఎలా వచ్చిందని మదనపల్లెలో ఎవరిని అడిగినా చెబుతారు. 1860లలో కడప జిల్లా కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్స్‌లీ దొర ఎండలకు తట్టుకోలేక, 4,000 అడుగులకు పైబడిన ఆ కొండమీద వేసవి విడిదిగా బంగళా కట్టించుకున్నాడు. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలోనే ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిసింది. దొర వెళ్లిపోయాడు. ఆయన కట్టించిన బంగళా అటవీ శాఖ విడిదిగా మిగిలింది. అందులోని ఒక గదిని హార్స్‌లీ గది అని పిలుస్తూ వచ్చారు. అంతకుముందు ఆ కొండ పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ అనే ఆడబిడ్డ కథ స్థానికులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అయితే ఇంకొక ప్రశ్న ఉంది. ఆ కొండమీదికి రాయీ సున్నమూ మోసినది ఎవరు? దూలాలు ఎత్తినది ఎవరు? దొర గదికి నీళ్లు పట్టినది ఎవరు? ఈ ప్రశ్న వేస్తే మాత్రం జవాబు చెప్పేవారు దొరకరు. కట్టించినవాని పేరు కొండకు మిగిలింది. కట్టినవారి పేర్లు ఎక్కడా మిగలలేదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో తెల్లవారి కాలం నాటి తోట బంగళాలు, మిషను బంగళాలు, విడిది ఇళ్లు ఇంకా అక్కడక్కడ నిలిచి ఉన్నాయి. కొన్నింటిలో మనుషులున్నారు, కొన్నింటిలో గబ్బిలాలున్నాయి. ఏటేటా కొన్ని కూలిపోతున్నాయి, కొన్నింటిని కూలుస్తున్నారు. పాత ఇల్లు ఒక్కటీ కూలకూడదని మేము అనడం లేదు. కూలిపోక ముందే దాని కొలతలూ, దాని కథా కాగితం మీద పెట్టాలని మాత్రం అంటున్నాము. ఆ కథలో పెద్ద గుమ్మంలోనుండి వచ్చినవారితో పాటు వెనుక తలుపులోనుండి వచ్చినవారు కూడా ఉండాలి. ఇది పెద్ద చదువులు చదివినవారే చేయవలసిన పని కాదు. ఒక పల్లె సంఘం, ఒక కుటుంబం చేయగలిగిన పని.

నీడ కోసం కట్టిన ఇల్లు

మన ప్రాంతం సముద్ర మట్టానికి 2,000 అడుగులకు పైన ఉన్న మిట్ట నేల. మద్రాసు ఎండతో పోలిస్తే ఇక్కడి గాలి చల్లన. అందుకే అధికారులూ మిషనరీలూ ఇటు వైపు ఇళ్లు కట్టుకోవడానికి ఇష్టపడ్డారు. వారు కట్టించుకున్న ఇంటిని జాగ్రత్తగా చూస్తే ప్రతి గోడకూ ఒక కారణం కనబడుతుంది.

నేలమట్టం నుండి రెండు మూడు అడుగుల ఎత్తు అరుగు. చెదలు, తేమ, పాములు లోపలికి రాకుండా. అడుగున్నర, రెండడుగుల మందం గోడలు. పగటి వేడి లోపలికి చేరేసరికి సాయంత్రం అయిపోతుంది. పదునాలుగు, పదహారు అడుగుల ఎత్తున కప్పు. వేడి గాలి పైకి పోతుంది. పోయిన గాలి బయటికి వెళ్లడానికి కప్పు కింద చిన్న గవాక్షాలు. ఇంటి చుట్టూ, లేదా కనీసం ఎండ పడే వైపున, వెడల్పాటి వసారా. కప్పు దూలానికి ఇనుప కొక్కెం కనబడితే అక్కడ గుడ్డ పంఖా వేలాడేదని అర్థం. దాని తాడు గోడలోని చిన్న రంధ్రంలోనుండి బయటికి వెళ్లేది. బయట వసారాలో ఒక మనిషి కూర్చుని గంటల తరబడి ఆ తాడు లాగుతూ ఉండేవాడు.

మిద్దె కప్పును మద్రాసు మిద్దె అంటారు. దగ్గర దగ్గరగా పరచిన టేకు వాసాల మీద పలుచని చిన్న ఇటుకలను నిలబెట్టి, ఐమూలగా పేర్చి, సున్నంతో బిగిస్తారు. దానిమీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పోస్తారు. ఆ తరువాత కూలి స్త్రీలు వరుసగా కూర్చుని చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొడతారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు చల్లుతూ, గట్టిపడేదాకా కొట్టవలసిందే. ఆ సున్నం కూడా ఊరికే వచ్చేది కాదు. సున్నపురాయిని బట్టీలో కాల్చి, ఇసుకతో కలిపి, గుండ్రని రాతి కాలువలో వేసి, ఎద్దులు రాతి చక్రాన్ని తిప్పుతుండగా నూరేవారు. అదే గానుగ సున్నం, డంగు సున్నం. పాత బంగళా దగ్గర పొదల్లో గుండ్రని రాతి కాలువ కనబడితే దానిని పశువుల తొట్టి అనుకుని వదిలిపెట్టవద్దు. ఆ ఇంటి గోడలు పుట్టిన చోటు అదే కావచ్చు.

తోట బంగళా అంటే ఇల్లొక్కటే కాదు. కపిల బావి, చింత చెట్లు, మామిడి తోపు, బండి పాక, గుర్రపుసాల, పశువుల కొట్టం అన్నీ కలిస్తేనే తోట బంగళా. మూడడుగుల పొట్టి పుంగనూరు ఆవు పుట్టిన ప్రాంతం ఇది. కొట్టం ఎత్తు, గాటిపట్టె ఎత్తు కొలిచి రాస్తే, అక్కడ ఎలాంటి పశువును కట్టేవారో కూడా తెలుసుకోవచ్చు.

పుంగనూరు నుండి ఆరోగ్యవరానికి

మన సంఘాల చరిత్ర ఈ ఇళ్లతో ముడిపడి ఉంది. అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి వారి ఆర్కాటు మిషను 1853లో స్కడర్ సోదరులతో ఏర్పడింది. ఆ మిషనుకు చెందిన వైద్యుడు, మిషనరీ జేకబ్ ఛాంబర్లేన్ దొర 1863లో మదనపల్లెకు వచ్చి స్థిరపడ్డారు. 1868లో ఇక్కడ ఆసుపత్రి ప్రారంభించారు, 1872లో పలమనేరులో మరొకటి. తెలుగు బైబిలు సవరణ పనిలో ఏళ్ల తరబడి పాటుపడ్డారు. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశారు. అటువంటివారు నివసించిన ఇంట్లో ఒక గది చదువు గది, ఒక వసారా మందుల గది, చెట్టు నీడ బడి. ఒకే ఇల్లు ఎన్ని పనులకు ఉపయోగపడిందో దాని తలుపులను బట్టి, అరిగిన మెట్లను బట్టి ఊహించుకోవచ్చు.

ఇల్లు కట్టిన తీరే వైద్యమైన సందర్భం కూడా మన దగ్గర ఉంది. క్షయకు మందు లేని రోజులలో కొన్ని మిషన్లు కలిసి ఒక శానిటోరియం పెట్టాలని తలచాయి. డెన్మార్కు దేశస్థుడు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోల్లర్ గారు 1912లో పుంగనూరులో తాత్కాలిక వసతిలో ఆ పని మొదలుపెట్టారు. 1915లో మదనపల్లె దగ్గర విశాలమైన స్థలానికి తరలించారు. ఆ చోటుకు ఆరోగ్యవరమని పేరు వచ్చింది. అప్పటి వైద్యానికి ఆధారం మూడే: శుభ్రమైన గాలి, విశ్రాంతి, మంచి ఆహారం. కనుక శానిటోరియం వార్డుకు గాలి ధారాళంగా ఆడాలి, రోగి మంచం వసారాలో వేసుకునే వీలుండాలి, ఒక కట్టడానికీ మరొక కట్టడానికీ మధ్య ఎడం ఉండాలి. దొర చల్లదనం కోసం కట్టుకున్న వసారా ఇక్కడ రోగికి మందు అయింది.

తరువాత డాక్టర్ పి.వి. బెంజమిన్ గారు ఆ సంస్థకు మొదటి భారతీయ సూపరింటెండెంటు అయ్యారు. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా ప్రయోగాత్మకంగా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. అప్పటికే స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు వస్తున్నాయి. మందులు సరిగా వాడితే ఇంటివద్ద ఉన్న రోగి కూడా శానిటోరియంలోని రోగితో సమానంగా కోలుకుంటాడని 1950ల చివరలో మద్రాసులో జరిగిన పరిశోధన చూపింది. అది కోట్లాది పేదలకు మేలు చేసిన వార్త. దానితోనే శానిటోరియం కట్టడాల అసలు అవసరం తీరిపోయింది. ఆరోగ్యవరం సాధారణ వైద్యశాలగా మారి తన సేవ కొనసాగించింది. కాని ప్రపంచంలో ఎన్నో చోట్ల అటువంటి కట్టడాలు పాడుబడ్డాయి. అవసరం తీరిన ఇల్లు పాడవడం సహజం. అది ఎందుకు అలా కట్టబడిందో చెప్పేవారు లేకుండా పోవడమే నష్టం.

కుప్పం రైలు తెచ్చిన మార్పు

పాత ఇంటి వయస్సు తెలుసుకోవడానికి అది ఉన్న ఊరు రైలుకు ఎంత దూరమో చూడడం మంచిది. జోలార్‌పేట నుండి బెంగుళూరుకు రైలు దారి 1864లో పూర్తయింది. కుప్పం ఆ దారిలోనే ఉంది. రైలు రాక ముందు ఇల్లు కట్టాలంటే ఎద్దుల బండి ఎంత దూరం పోగలిగితే అంత దూరంలో దొరికిన వస్తువులే: ఊరి బట్టీ ఇటుక, కొండ రాయి, కుమ్మరి పెంకు, అడవి కలప. రైలు వచ్చాక దూరపు కలప, ఇనుప దూలాలు, అద్దాలు, మంగుళూరు పెంకులు రావడం మొదలైంది.

ఆ మంగుళూరు పెంకుకు కూడా మిషను చరిత్ర ఉంది. బాసెల్ మిషను వారు 1865లో మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. బాప్తిస్మం పొందినందుకు కులవృత్తీ ఇల్లూ పోగొట్టుకున్నవారికి పని చూపించాలన్నది అటువంటి మిషను పరిశ్రమల ఉద్దేశాలలో ఒకటి. ఆ పెంకు అడుగున ఫ్యాక్టరీ పేరు అచ్చు పడి ఉంటుంది. పడిపోయిన పెంకు దొరికితే తిప్పి చదవండి. అయితే ఒక జాగ్రత్త. పెంకు చెప్పేది కప్పు వయస్సు, ఇంటి వయస్సు కాదు. గోడలు అంతకు ముందే లేచి, కప్పు తరువాత మారి ఉండవచ్చు.

కుప్పం రాయి నేడు దూరదేశాలకు పోయే గ్రానైటు. ఆనాడు ఆ ప్రాంతపు వడ్డెరలు అదే జాతి రాయిని ఉలితో వరుసగా గుంటలు చెక్కి, చీలలు దిగగొట్టి, నిలువునా చీల్చేవారు. అలా చీల్చిన కూసాలే తోటకు కంచె అయ్యాయి, వసారాకు స్తంభాలయ్యాయి, గడపలయ్యాయి. రాతి అంచున వరుసగా అర గుంటలు కనబడితే అవి ఆ చీలల గుర్తులు. పేరు రాయడం రానివాడు పెట్టిన సంతకం వంటివి అవి. వాటిని ఫోటో తీయకుండా వదలవద్దు.

వెనుక తలుపు

ఇంతవరకు చెప్పినదంతా రాయీ సున్నమూ. ఇప్పుడు మనుషుల సంగతి.

ఆ కాలపు బంగళాలో వంటిల్లు ఇంటికి దూరంగా ఉండేది. పొగ, నిప్పు భయం ఒక కారణం. పనివాళ్లు ఇంట్లో తిరగకూడదనడం ఇంకొక కారణం. పడకగదికి ఆనుకుని స్నానాల గది, దానికి బయటి వైపున ఒక చిన్న తలుపు. ఆ తలుపు ఎందుకో నేటి పిల్లలకు తెలియదు. నీళ్ల మరుగుదొడ్డి లేని రోజులలో మలం ఎత్తే మనిషి వచ్చి పోవడానికి పెట్టిన తలుపు అది. ఇంటి లోపలినుండి ఆ మనిషి కనబడకూడదు. ఆ పనిని మన దేశం చట్టరీత్యా నిషేధించినది 1993లో. మరింత గట్టిగా 2013లో. తలుపు మాత్రం గోడలో అలాగే ఉంది.

మన సంఘ కుటుంబాలలో కొందరి పూర్వికులు ఇటువంటి బంగళాలలో వంటవారు, తోటమాలులు, ఆయాలు, నీళ్లు మోసేవారు, పంఖా లాగేవారు. మనవళ్లు చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నారు. తాత చేసిన పని చెప్పుకోవడానికి కొందరికి బిడియం. బిడియపడవలసినది వారు కాదు. మరొక వైపు కూడా నిజమే. ఊరి వీధిలో నడవనివ్వని వారికి మొదట కూర్చోబెట్టి అక్షరం నేర్పినది, గాయానికి కట్టు కట్టినది కొన్ని మిషను బంగళాల వసారాలోనే. ఒకే ఇంట్లో ముందు వసారాలో ఆదరణ, వెనుక వైపు ఎడం. రెండూ రాయాలి. ఒకటి రాసి రెండవది దాచితే అది చరిత్ర కాదు, పొగడ్తో నిందో అవుతుంది.

టేపు, నోటు పుస్తకం, ఓపిక

యెరూషలేము ప్రాకారాలను బాగు చేయక ముందు నెహెమ్యా ఏమి చేశాడో మనకు తెలుసు. ఎవరికీ చెప్పకుండా, రాత్రివేళ కొద్దిమందితో చుట్టూ తిరిగి, ఎక్కడ ఎంత పడిపోయిందో కళ్లారా చూశాడు. ఆ తరువాతనే కట్టుదామన్నాడు. పాత ఇంటి విషయంలోనూ మొదట చూడడం, తరువాతనే చేయడం. మనం మాత్రం పగటివేళ, ఇంటి యజమాని అనుమతితో వెళ్దాము. పుచ్చిన కప్పు మీదికి ఎక్కవద్దు. తేనెపట్టులు, పాములు ఉంటాయి. పిల్లలను ఒంటరిగా లోపలికి పంపవద్దు.

ముగ్గురు చాలు. ఇద్దరు టేపు పట్టుకుంటారు, ఒకరు రాస్తారు. సండే స్కూలు దాటిన యౌవనస్థులు సంతోషంగా చేసే పని ఇది.

మొదట ఇంటి చుట్టూ నడిచి నోటు పుస్తకంలో చేతితో పటం గీయండి. ఉత్తరం ఎటో గుర్తు పెట్టండి. తరువాత ఒక్కొక్క గది పొడవు, వెడల్పు కొలవండి. గది మూలనుండి మూలకు ఐమూలగా కూడా కొలిస్తే గోడలు సమంగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. గోడ మందం గుమ్మం దగ్గర కొలవాలి. ఎత్తుకు ఒక వెదురు బొంగు మీద అడుగులు గుర్తు పెట్టుకుని నిలబెడితే సరిపోతుంది. ప్రతి తలుపూ ఎటు తెరుచుకుంటుందో, గడియ లోపల ఉందో బయట ఉందో రాయండి. గడియ ఉన్న వైపును బట్టి ఆ తలుపును ఎవరు ఎవరికి మూసేవారో తెలుస్తుంది.

ఫోటోలకు నేడు సెల్‌ఫోను చాలు. ప్రతి గోడకూ ఎదురుగా నిలబడి తీయండి. పక్కన వెదురు బొంగు నిలబెడితే కొలత తెలుస్తుంది. గార ఊడిన చోట దగ్గరగా తీయండి. లోపలి ఇటుకా సున్నమూ అక్కడే కనబడతాయి. సిమెంటుతో పూసిన చోటు ఉంటే అది తరువాతి మరమ్మతు. సున్నపు గోడ తేమను పీల్చి వదులుతూ ఉంటుంది. దానిమీద సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక గోడ లోలోపల పాడవుతుంది. మంచి మనసుతో చేసిన మరమ్మతు ఇంటిని చంపేది ఇలాగే. సున్నపు గోడకు సున్నమే వైద్యం.

ఆ తరువాత పెద్దలను అడగండి. ఎనభై ఏళ్లు దాటిన అవ్వ దగ్గర కూర్చుని, ఈ ఇంటి చరిత్ర చెప్పవ్వా అంటే, నాకేం తెలుసు నాయనా అంటుంది. నీళ్లు ఏ బావినుండి తెచ్చేవారవ్వా, వంట ఎవరు చేసేవారు, నువ్వు ఏ తలుపున వచ్చేదానివి, క్రిస్మసుకు ఏమి పెట్టేవారు అని అడిగితే, సాయంత్రం దాకా చెబుతుంది. ఆమె మాట ఆమె యాసలోనే రాయండి. ఇంకొకరిని వేరుగా అడగండి. ఇద్దరి మాటా కలిస్తే మంచిది. కలవకపోతే రెండూ రాసి, ఎవరు చెప్పినది ఏదో గుర్తు పెట్టండి. వారు వద్దన్న సంగతి అచ్చు వేయవద్దు.

కాగితాలు ఎక్కడుంటాయి?

ఇంటి స్థలం సర్వే నంబరు తెలిస్తే ఎఫ్.ఎం.బి. పటం, సెటిల్‌మెంటు రిజిస్టరు, అడంగల్ చూడవచ్చు. సబ్‌ రిజిస్ట్రారు కార్యాలయంలో ఇ.సి. తీస్తే ఎవరినుండి ఎవరికి మారిందో తెలుస్తుంది. పుంగనూరు, కంగుంది జమీందారీలలోని భూములైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతి రికార్డులు వేరుగా ఉంటాయి. మన ప్రాంతం 1953 వరకు మద్రాసు రాష్ట్రంలోదే కనుక పాత ప్రభుత్వ కాగితాలు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో వెదకాలి. గ్రిబిల్ 1875లో రాసిన కడప జిల్లా మాన్యువల్, కాక్స్ 1881లో రాసిన ఉత్తర ఆర్కాటు మాన్యువల్ పెద్ద గ్రంథాలయాలలో ఉంటాయి. మిషను ఉత్తరాలు అమెరికాలో రిఫార్మ్‌డ్ చర్చి వారి భాండాగారంలో భద్రంగా ఉన్నాయి.

వీటన్నిటికంటె దగ్గరలో ఉన్నది మన సంఘపు బీరువా. బాప్తిస్మపు రిజిస్టరు, వివాహపు రిజిస్టరు, సమాధుల రిజిస్టరు. తండ్రి పేరు పక్కన అతని వృత్తి కూడా రాసిన పుటలు దొరికితే, వంటవాడు, తోటమాలి, బండివాడు అని చదివినప్పుడు వెనుక తలుపున వచ్చిన మనిషికి మొదటిసారి పేరు దొరుకుతుంది. ఏ ప్రభుత్వ మాన్యువల్‌లోనూ ఆ పేరు లేదు.

కాగితం కూడా ఎల్లకాలం ఉండదు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌ కలెక్టరు కార్యాలయంలో అగ్ని రేగి ఎన్నో ఫైళ్లు బూడిదైన సంగతి అందరికీ తెలిసిందే. ఒకే చోట ఒకే ప్రతి ఉంటే ఒక్క రాత్రి చాలు. కనుక మనం రాసినది మూడు ప్రతులు చేద్దాం. ఒకటి సంఘపు బీరువాలో, ఒకటి ఊరి గ్రంథాలయంలో లేక కళాశాలలో, ఒకటి ఊరు విడిచి దూరంగా ఉన్న బంధువుల దగ్గర. ఫోటోల వెనుక, రికార్డుల పైన తేదీ తప్పక వేయాలి. తేదీ విలువ మన మదనపల్లెకు తెలియనిది కాదు. 1919 ఫిబ్రవరి 28న బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో రవీంద్రనాథ్ ఠాగూరు జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారని నేడు చెప్పుకోగలుగుతున్నామంటే, ఆనాడు ఆ కాగితం మీద తేదీ ఉండబట్టే.

కూల్చక ముందు

వారసులకు పాత బంగళా భారమే. కప్పు కారుతుంది, దూలానికి చెద పడుతుంది, మరమ్మతుకు డంగు సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడు. స్థలానికి మాత్రం మంచి ధర పలుకుతుంది. అమ్ముకున్న కుటుంబాన్ని నిందించే హక్కు మనకు లేదు. అయితే కూల్చే యంత్రం రాక ముందు ఒక వారం అడగవచ్చు. ఆ వారంలో కొలతలు తీసి, ఫోటోలు తీసి, అవ్వల మాటలు రాసుకోవచ్చు. ఒక గడప రాయిని, ఒక పెంకును, ఒక తలుపు గడియను పాఠశాలకు ఇమ్మని కోరవచ్చు. నిలుపుకోగలిగిన ఇంటికైతే, వానకాలం ముందు కప్పు మీది ఆకులు తీసి, గోడలో మొలిచిన రావి మొక్కను చిన్నప్పుడే తీసివేస్తే, ఎన్నో ఏళ్ల ఆయుష్షు పోసినవారవుతాము.

మీ ఊరి పొలిమేరలో అటువంటి ఇల్లు ఉంటే ఈ సెలవులలో మీ పిల్లలను తీసుకుని వెళ్లండి. ముందు వసారా చూపించండి, ఎత్తయిన కప్పు చూపించండి. ఆ తరువాత చుట్టూ తిప్పి వెనుక తలుపు దగ్గరకు తీసుకుపోయి, ఇది ఎవరి కోసం పెట్టారో చెప్పండి. వారి పేర్లు తెలిసిన పెద్దవారు మీ వీధిలో ఇంకా ఒకరిద్దరు ఉంటారు. ముందు ఆ పేర్లు రాసుకోండి. గోడ ఇంకొక వానకాలం ఆగవచ్చు.